గాలి లోపలికి వచ్చే దారి

స్ఫాక్స్‌లో రేవు వెనక సందులో, రేకు గొట్టాలు చేసే వర్క్‌షాపులో మోంజియా ఇరవై ఆరేళ్ళుగా డ్రాయింగులు గీస్తోంది. బేకరీ పొయ్యి గొట్టం దగ్గర్నుంచి చేపల ఫ్యాక్టరీ ఫ్యాన్ల దాకా, ఆ ఊళ్ళో పొగా వేడీ బయటికి పోయే దారుల్లో సగానికి సగం ఆమె గీసినవే. ఆమె కాగితం ఇస్తే రేకు కోసేవాడు రెండోసారి వచ్చి అడగక్కర్లేదని పేరు. పేరుంటే ఏం లాభం లెండి, గీసిన మనిషి పేరు గొట్టం మీద ఎవరూ రాయరు. ఏదైనా తేడా వచ్చినప్పుడు మాత్రం ఊరందరికీ ఠక్కున గుర్తొస్తుంది.

తేడా వచ్చిందనే అన్నారు. తొమ్మిది నెలల కిందట ఆమె భర్త షెద్లీ, ఫైబర్ పడవలు చేసే షెడ్డులో, సగం తయారైన పడవ కడుపులో కూర్చుని రెసిన్ జిగురు పూస్తూ పూస్తూ పక్కకి ఒరిగిపోయాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఎవరికైనా చివరికి ఆగేది గుండే, ఆ ముక్క రాయడానికి డాక్టరెందుకు? షెడ్డు యజమాని మాత్రం శవం లేవకముందే దొరికినవాడికల్లా చెప్పాడు: "రెసిన్ ఆవిరి లాగాల్సిన గొట్టం సరిగ్గా లాగలేదయ్యా. డిజైనులోనే తప్పుంది." ఆ గొట్టం డిజైను మోంజియాది.

కేసంటూ ఎవరూ పెట్టలేదు. ఆమె పనిచేసే వర్క్‌షాపు యజమాని, "నీ గీతలో తప్పేం లేదు, ఊరికే మనసులో పెట్టుకోకు," అన్నాడు, కాగితం తీసి చూడకుండానే. చూడకుండా తప్పుందన్నవాడూ చూడకుండా లేదన్నవాడూ మోంజియాకి ఒక్కటే. తన గీత వల్ల మొగుడు చచ్చిపోయాడా, లేదా? చూసి చెప్పేవాళ్ళు కావాలి ఆమెకి. కానీ చూడాల్సింది గాలిని. గాలిని ఎవరు చూశారు?

ఆమె ఏడవలేదు. షెద్లీ పోయిన నలభయ్యో రోజున కూడా, వచ్చిన ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే, ఆమె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గ్లాసులు లెక్కపెట్టుకుంది, ఎవరికి టీ అందింది, ఎవరికి అందలేదు అని. దుఃఖాన్ని దాచుకుందని కాదు. లోపల చేయి పెట్టి చూసుకుంటే ఏమీ తగలడం లేదు, అంతే. పంటికి మందు వేసినప్పుడు పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది ఆమెకి ఒళ్ళంతా. తింటోంది, పడుకుంటోంది, ఏడింటికల్లా బస్సెక్కుతోంది.

ఆ బస్టాపు పక్కన గోడ మీదే నోటీసు చూసింది. గాలీ నీళ్ళూ ఎలా పారతాయో కంప్యూటరు చేత లెక్క కట్టించి, రంగుల్లో కళ్ళకి చూపించే సాఫ్ట్‌వేరు. కొత్తవాళ్ళకి శనివారం శనివారం పొద్దుట క్లాసు, యువజన కేంద్రంలో. మోంజియా రెండు బస్సులు వదిలేసి ఆ నోటీసు చదివింది.

షెద్లీ అక్క మహ్బూబా పై అంతస్తులో ఉంటుంది. మనసు వెన్న, నోరు కత్తెర. సంగతి తెలియగానే మెట్లు దిగి వచ్చింది.

"నలభై ఎనిమిదేళ్ళొచ్చాక నీకు బడేంటే? ఆ పిల్లల మధ్యన కూర్చుంటావా, తగుదునమ్మా అని?"

"కూర్చుంటాను వదినా."

"కూర్చుని ఏం తేలుస్తావు? వాడు తిరిగొస్తాడా?"

"రాడు. నా తప్పో కాదో తేలుతుంది."

"తప్పని తేలితే?"

మోంజియా బార్లీ రొట్టె తుంచి నూనెలో ముంచుకుంటూ, "తేలితే తేలుతుంది," అంది. మహ్బూబా ఆమె మొహం కేసి కాసేపు చూసి, "రాయివే నువ్వు, ఉత్త రాయివి," అని కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

క్లాసులో పద్నాలుగు మంది. మోంజియా తప్ప అందరూ ఇంజినీరింగు చదివిన పిల్లలే. చెప్పేది ఓల్ఫా అని ముప్పై ఏళ్ళమ్మాయి, గలగలా మాట్లాడుతుంది, చేతులు తిప్పకుండా ఒక్క వాక్యం చెప్పలేదు. మొదటిరోజే మోంజియాని "పిన్నీ" అని పిలిచింది. ఇక క్లాసంతటికీ ఆమె పిన్నే.

"భయపడొద్దు, ఇందులో పెద్ద కిటుకేం లేదు," అంది ఓల్ఫా. "గాలిని చిన్న చిన్న ముక్కలుగా కోస్తాం. ఒక్కో ముక్కలోకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఆ లెక్క కంప్యూటరు చూసుకుంటుంది. హద్దులు మాత్రం మనం చెప్పాలి. గోడ ఎక్కడ, తలుపు ఎక్కడ. అవి తప్పు చెప్పామా, అది సిగ్గూ ఎగ్గూ లేకుండా తప్పే లెక్కేసి అందమైన బొమ్మ గీసిస్తుంది."

మొదటి పాఠం ఒక చతురస్రం పెట్టె. పెట్టెలో నీళ్ళు, పైన మూత. మూతని పక్కకి జరుపుతూ ఉంటే లోపల నీళ్ళు ఎలా సుడి తిరుగుతాయో చూడడం. కొత్తవాళ్ళందరికీ ఎక్కడైనా ఇదే అక్షరాభ్యాసమట. మోంజియా పెట్టె గీసింది, వలలాగా గళ్ళు కోసింది, మూతకి వేగం ఇచ్చింది, నడిపించింది. తెర మీద గీతలు కొన్ని మెట్లు దిగినట్టు కిందికి దిగాయి. అవి దిగుతుంటే లెక్క కుదురుకుంటోందని అర్థం, పైకెక్కుతుంటే కొంపమునిగిందని. తర్వాత పెట్టెలో రంగుల సుడి కనిపించింది. పక్క సీట్ల పిల్లలు చప్పట్లు కొట్టుకున్నారు. మోంజియా నోట్సులో తేదీ వేసి, "పెట్టె అయింది," అని రాసుకుంది.

నాలుగో శనివారం షెడ్డు మొదలెట్టింది. తను గీసిన పాత కాగితం ముందు పెట్టుకుని కొలతలన్నీ ఎక్కించింది. షెడ్డు, లోపల పడవ, పడవ కడుపులోకి దిగే గొట్టం మూతి. రెసిన్ ఆవిరి గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది, అందుకే మూతిని కిందికి దించి గీసింది ఆ రోజుల్లో. నడిపించగానే గీతలు పిచ్చెక్కినట్టు ఎగిరాయి. ఓల్ఫా వంగి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"పిన్నీ, నీ షెడ్డు పొడవెంతో తెలుసా? పద్దెనిమిది కిలోమీటర్లు!"

ఈ సాఫ్ట్‌వేరు ఏ అంకె ఇచ్చినా మీటర్లనుకుంటుంది. రేకు పనివాళ్ళకి మిల్లీమీటరు తప్ప ఇంకో కొలత ఉన్నట్టే తెలియదు. వాళ్ళ కాగితాల్లో అంకె పక్కన ఏ కొలతో రాయడమే ఉండదు. పెళ్ళి పందిరి పొడవు అడిగినా మిల్లీమీటర్లలోనే చెబుతారు. వెనక బెంచీ కుర్రాడొకడు, "పడవలేం ఖర్మ పిన్నీ, ఓడరేవంతా తెచ్చి లోపల కట్టెయ్యొచ్చు!" అన్నాడు. అందరూ నవ్వారు. మోంజియా, "అవును, పడుతుంది," అని ఒప్పుకుని, అంకెలన్నీ వెయ్యితో భాగించడం మొదలుపెట్టింది.

మరుసటి వారం ఇంకో తప్పు. ఇది రేకు గొట్టాలవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. నాలుగు గోడలూ పైకప్పూ కట్టింది, ఫ్యాను పెట్టింది, గాలిని బయటికి లాగమంది. గీతలు మళ్ళీ పైకే. ఓల్ఫా వచ్చి తెర మీద షెడ్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బయటికి లాగుతున్నావు, బానే ఉంది. లోపలికి ఎక్కణ్ణుంచి వస్తుంది పిన్నీ?"

"గోడకి జాలీలుంటాయి. కాగితం కింద రాశాను, ఆరు జాలీలు పెట్టాలని."

"ఏవీ మరి?"

"అవి మేస్త్రీ పని. మా కాగితంలో మేం చేసేదే గీస్తాం."

"కంప్యూటరుకి మేస్త్రీ ఎవడో ఏం తెలుసు? సీసా మూతికి నోరు పెట్టి పీల్చి చూడు. నాలుక అతుక్కుంటుంది తప్ప గాలి రాదు. రావడానికి దారి లేకపోతే పోవడానికీ ఉండదు పిన్నీ."

మోంజియా తన పాత కాగితం దగ్గరికి లాక్కుని చూసింది. ఇరవై ఆరేళ్ళు. పోయే దారులే గీసింది. వచ్చే దారి చుక్కల గీత కూడా కాదు, కాగితం అడుగున ఒక ముక్క. జాలీలు ఎక్కడెక్కడ, ఎంతెంత పెట్టారో ఆమెకి నిజంగానే తెలియదు. షెద్లీ పోయాక ఆ షెడ్డు గడప తొక్కలేదు.

గురువారం సెలవు పెట్టి టేపు పట్టుకుని వెళ్ళింది. షెడ్డులో పెద్ద పనివాడు ఫర్హాత్ ఎదురొచ్చాడు. అరవై నాలుగేళ్ళుంటాయి, షెద్లీకి పని నేర్పింది ఆయనే, పాడెకి ముందు భుజం పట్టిందీ ఆయనే. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "రామ్మా, రా," అన్నాడు తప్ప ఎందుకొచ్చావని అడగలేదు.

జాలీలు ఆరూ సముద్రం వైపు గోడకే ఉన్నాయి, మోకాలెత్తులో. నలభై సెంటీమీటర్లకి అరవై. మేస్త్రీ ఒక్క వేలెడు కూడా మోసం చెయ్యలేదు. ఒక్కో జాలీకి నాలుగు మూలలా నాలుగు మేకులు కొట్టి ఉన్నాయి. వాటికి పాత దారప్పోగులు వేలాడుతున్నాయి.

"ఈ మేకులెందుకు బాబాయ్?"

"షెహీలికి. ఇంట్లో కట్టుకోమా తడి దుప్పట్లు? ఇక్కడా అంతే. వేడి ఒకటి, దుమ్ము ఒకటి. పూసిన రెసిన్ మీద ఇసక పడిందంటే పైపొర పాడైపోద్ది, యజమాని మా తోలు తీస్తాడు."

ఎడారి మీంచి షెహీలి వడగాలి లేచిందంటే ఆ ఊళ్ళో తలుపులు బిగించి కిటికీలకి తడిగుడ్డలు కట్టనివాళ్ళుండరు. అమ్మ పాలతో పాటు వచ్చే అలవాటు అది. షెద్లీ పోయిన రోజున కూడా షెహీలే. ఆస్పత్రి నుంచి మోంజియా ఇంటికొచ్చేసరికి, పొద్దున తను కిటికీలకి కట్టిన దుప్పట్లు ఎండి అట్టల్లా బిరుసెక్కి ఉన్నాయి. ఆ రోజు ఈ జాలీలకి కట్టారా అని ఆమె అడగలేదు. అడగడానికేముంది. జాలీలు ఆరు, మేకులు ఇరవై నాలుగు అని రాసుకుని వచ్చేసింది.

శనివారం రెండు షెడ్లు నడిపింది. మొదటి దాంట్లో జాలీలు తెరిచి ఉన్నాయి. సముద్రం వైపు నుంచి గాలి నేల మీదుగా పాకి, పడవ అంచెక్కి, కడుపులోకి జారి, అక్కడి ఆవిరిని ఊడ్చుకుంటూ గొట్టం మూతిలోకి పోయింది. ఆవిరి ఎరుపు కాసింత కనిపించి నీలంలో కలిసిపోయింది. రెండో దాంట్లో జాలీలకి తడిగుడ్డ కట్టింది, అంటే దారి దాదాపుగా మూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గాలి మాత్రం కదలలేదు. పడవ అడుగున ఎరుపు పుట్టి పెరిగింది. గంటసేపటి లెక్క పూర్తయ్యేసరికి కూర్చున్న మనిషి తల దాటింది.

తన గొట్టం సరైనదే. తప్పు తనది కాదు. పదకొండు నెలలుగా ఈ ఒక్క మాట కోసమే కదా తిరిగింది, గుండె మీంచి బరువు దిగుతుందని కాసేపు ఎదురుచూసింది కూడా. ఏమీ దిగలేదు. రెండు బొమ్మలూ రంగుల్లో ప్రింటు తీసుకుని బస్సెక్కింది.

సోమవారం షెహీలి వస్తుందని రేడియోలో చెప్పారు. షెడ్డులో ఇంకో పడవ ఉంది, దాని కడుపులో ఇద్దరు మనుషులున్నారు. మోంజియా వర్క్‌షాపుకి వెళ్ళకుండా ఆ పొద్దున నేరుగా షెడ్డుకే వెళ్ళింది. బయట ఆకాశం పసుపుపచ్చగా ఉంది, ఊపిరి పీలిస్తే ముక్కులు కాలుతున్నాయి. జాలీలు ఆరింటికీ తడిగుడ్డలు కట్టేసి ఉన్నాయి.

"బాబాయ్, అవి తీసెయ్యండి."

"బాగానే ఉంది! బయట నలభై ఆరు డిగ్రీలుందమ్మా. మాడి చస్తాం."

"తియ్యకపోతే లోపలివాళ్ళు చస్తారు."

ఆమె గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టలేదు. కాగితాలు రెండూ ఆయన ముందు చెక్క పలక మీద పరిచి, "ఇది జాలీలు తెరిచినప్పుడు. ఇది గుడ్డలు కట్టినప్పుడు. ఎరుపంతా ఆవిరి," అంది. ఫర్హాత్ చదువుకున్నవాడు కాదు. అయినా ఆ బొమ్మలకి చదువక్కర్లేదు. రెండో కాగితం మీద వేలు పెట్టి, పడవ అడుగు నుంచి పైదాకా నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళాడు. తర్వాత తిరిగి పడవలోకి అరిచాడు: "ఒరేయ్, పైకి రండి. ఇద్దరూ. బ్రష్షులు అక్కడే పారేసి రండ్రా!"

వాళ్ళు వచ్చాక ఆయనే వెళ్ళి ఒక్కొక్క గుడ్డా విప్పాడు. ఎవరినీ చేయి వెయ్యనివ్వలేదు. ఆరోది విప్పేసరికి వేడిగాలి ఇసకతో సహా లోపలికొచ్చి, ఆరని రెసిన్ మీద పడింది. ఆయన ఆ గుడ్డల మూట చేతుల్లో పెట్టుకునే వచ్చి మోంజియా ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు కట్టింది నేనే."

మోంజియా చూపు ఆ గుడ్డల మీదికి పోయింది.

"లోపల్నించి పిలిచాడు వాడు. 'బాబాయ్, ఊపిరాడట్లేదు,' అన్నాడు. వేడికేమో అనుకున్నా. గుడ్డలు ఆరిపోయాయేమోనని బకెట్టు తెచ్చి... ఆరింటినీ మళ్ళీ తడిపాను. 'ఇప్పుడు చల్లబడతాదిలేరా,' అన్నాను."

గుడ్డల్లోంచి నీళ్ళు ఆయన కాళ్ళ మీద కారుతున్నాయి. మోంజియాకి ఒక్కసారిగా పారిపోవాలనిపించింది. తప్పు తనది కాకూడదనుకుంది గాని, కాకపోతే అది ఇంకొకరిది అవుతుందని ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా తోచలేదు ఆమెకి.

"అమ్మా, ఆ కంప్యూటరు అబద్ధం చెప్పదా?"

"చెబుతుంది బాబాయ్. నేను నిన్నగాక మొన్న నేర్చుకున్నదాన్ని. నా మొదటి షెడ్డు పద్దెనిమిది కిలోమీటర్లొచ్చింది."

"అయితే సరిగ్గా నేర్చుకో. నేర్చుకుని మళ్ళీ చూడు. చూసి ఉన్నదున్నట్టు చెప్పు. ముసలాడని జాలిపడి అబద్ధం మాత్రం చెప్పకు."

షెహీలి రోజుల్లో రెసిన్ పని ముట్టేది లేదని ఫర్హాత్ ఆ సాయంత్రమే యజమాని మొహం మీద చెప్పేశాడట. మర్నాటి నుంచి తను కూడా పనిలోకి రాలేదు.

మోంజియా ఇంకో అయిదు శనివారాలు కూర్చుంది. ఓల్ఫా దగ్గర అడిగి అడిగి గళ్ళు సన్నగా కోసింది, పడవ దగ్గర ఇంకా సన్నగా. ఆ రోజు వేడి ఎంతుందో కనుక్కుని ఎక్కించింది. తడిగుడ్డలోంచి ఎంత గాలి దూరుతుందో ఫ్యాను ముందు దుప్పటి కట్టి కొలిచింది. ఇదంతా పైకి కనిపించే పని. లోపల ఆమె చేసింది వేరు. తన గీతలో తప్పు వెతికింది. గొట్టం మూతి జానెడు పక్కకి ఉండాల్సిందేమో. మలుపు ఒకటి ఎక్కువైందేమో. ఫ్యాను చిన్నదేమో. మొదటిసారి తప్పు తనది కాకూడదని తెర కేసి చూసింది. ఈసారి తనదే అవ్వాలని చూసింది. తనదైతే మొయ్యగలదు, పదకొండు నెలలుగా మోసిందేగా. ఆ ముసలాయన మొయ్యలేడు.

అయిదో శనివారం లెక్క నిలిచింది. ఓల్ఫా ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది.

"అబ్బ, పిన్నీ! గీతలెంత చక్కగా దిగాయో చూడు! మొదటిసారి వచ్చిందే మళ్ళీ వచ్చింది, గళ్ళు మార్చినా మారలేదు. ఇంక అనుమానం లేదు, నీ జవాబు కరెక్టు. చప్పట్లు కొట్టండర్రా పిన్నికి!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏం జవాబో, ఎవరి గురించో వాళ్ళకేం తెలుసు పాపం. మోంజియా తల వంచుకుని, "థాంక్సమ్మా," అంది.

అటునుంచి అటే ఫర్హాత్ ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసి, "పెరట్లో ఉన్నాడు. నెలరోజులుగా అన్నం కూడా అక్కడే," అని గొంతు తగ్గించి చెప్పింది. ఫర్హాత్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. ఆమెని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

దారి పొడవునా ఆమె అబద్ధం కూర్చుకుంటూనే వచ్చింది. నా గొట్టం మూతి పక్కకి ఉంది బాబాయ్, అందుకే. చాలా తేలికైన అబద్ధం, ఆయన పట్టుకోలేడు. తీరా ఎదురుగా నిలబడ్డాక నోరు రాలేదు.

"అదే వచ్చింది బాబాయ్."

"ఊఁ," అన్నాడు. "నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడిగాడు.

"నేనూ కట్టేదాన్నే. ఆ రోజు మా ఇంట్లో కట్టాను కూడా. షెద్లీ పిలిస్తే నేనూ మళ్ళీ తడిపేదాన్ని."

ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. ఇక వెతకాల్సిందేమీ లేదు. ఎవరి వల్ల, ఎవరి వల్ల అని ఏడాదిగా ఆ ప్రశ్నే ఆమెకి ఎదురుగా గోడలా నిలబడింది. ఇప్పుడు దాని అవతల ఏముందో కనబడుతోంది. అక్కడ షెద్లీ లేడు. ఇంటికి వెళితే ఉండడు, రేపు ఉండడు. ఆ సంగతి ఆమెకి అప్పుడు, ఆ అరుగు మీద తెలిసింది. ముసలాయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, షెద్లీ ఇంక రాడు."

"రాడమ్మా," అన్నాడు ఫర్హాత్.